డ్రమ్ములో పుట్టే జ్వరం

విశాఖపట్నానికి డెంగీ కొత్త చుట్టం కాదు. ఈ ఊళ్లో చెలరేగిన డెంగీ తరహా జ్వరం మీద 1965లోనే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్’లో పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. ఒకటి వైరస్ జాడ వెతికింది, ఇంకొకటి రోగుల లక్షణాలు నమోదు చేసింది. 1963లో కలకత్తాలో లేచిన జ్వరాలు తూర్పు తీరం వెంబడి కిందికి దిగిన కాలమది. చికున్‌గన్యా కూడా ఆ రోజుల్లో ఆ దారినే వచ్చింది. ఒళ్లంతా విరగ్గొట్టే జ్వరం అప్పటివాళ్లు చూశారు గానీ దాని పేరు జనం నోట పడలేదు. ఇప్పుడు గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద ఏ మందుల షాపు దగ్గర నిలబడినా ఆ పేరు వినిపిస్తుంది. స్కూలు పిల్లలు కూడా డెంగీ దోమ వల్ల వస్తుందని చెప్పేస్తారు. ఇంత తెలిశాక కూడా వానాకాలం రాగానే ఇంటింటా అదే జ్వరం ఎందుకొస్తోందన్నది తేలాలి.

అధికారుల దగ్గర దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ప్రజల్లో అవగాహన లేదు. ఆ మాట సగమే నిజం. జనానికి ఉన్న అవగాహన వేరే దోమ గురించి, వేరే వేళ గురించి, వేరే నీళ్ల గురించి. సరైన సంగతి తెలిసిన చోట కూడా కుళాయి అడ్డొస్తోంది.

గోపాలపట్నాన్నే తీసుకోండి. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి పెందుర్తి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా పరుచుకున్న పేట ఇది. రేవు, రైల్వే, నేవీ, ఫ్యాక్టరీలు జీతాలివ్వడం మొదలెట్టాక కాలనీ మీద కాలనీ లేచి, పాత ఊరి ఆనవాళ్లు మాసిపోయి విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసింది. ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు. నగరానికి తాగునీరిచ్చే రిజర్వాయరు పక్కనే ఉన్నా ఇక్కడ కుళాయి రోజంతా రాదు. వచ్చిన కాసేపట్లోనే పట్టి పెట్టుకోవాలి. కొండవాలు ఇళ్లకైతే ఆ కాసేపూ సన్నధారే. అందుకే ఇంటికో డ్రమ్ము, కొన్ని ఇళ్లలో రెండు మూడు, పాత ఇళ్లలో సిమెంటు గోలెం, స్థోమత ఉన్నవాళ్లకి సంపు, మేడ మీద ట్యాంకు. ఈ నీళ్ల గురించే ముందు మాట్లాడుకోవాలి.

చీకటి పడగానే చెవి దగ్గర గుంయ్‌మని, కాళ్లు పీకేసే దోమ క్యూలెక్స్. అది మురుగు కాలవల్లో, గెడ్డల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుడుతుంది, రాత్రి కుడుతుంది, బోదకాలు మోస్తుంది. డెంగీతో దానికి సంబంధం లేదు. డెంగీని మోసేది ఈడిస్ ఈజిప్టై. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలుంటాయి. అది మురుగు వైపు పెద్దగా చూడదు, నిలవున్న మంచినీళ్లే దానికి కావాలి. పగలే కుడుతుంది, మరీ ముఖ్యంగా పొద్దు పొడిచాక రెండు గంటల్లో, సాయంత్రం పొద్దుగూకే ముందు. పెద్దగా చప్పుడు చెయ్యదు. మంచాల కింద, తలుపెనక వేలాడే బట్టల్లో, చీకటి మూలల్లో ఉంటుంది. పుట్టిన చోటి నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు పోతుంది. అంటే మీ ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చిందంటే ఆ దోమ ఎక్కువగా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, లేదంటే రోజూ పగలు గడిపే బడిలోనో, దుకాణంలోనో పుట్టి ఉంటుంది.

ఈ తేడా తెలియక మనం ఏం చేస్తున్నామో చూడండి. గెడ్డలో పూడిక తియ్యలేదని కార్పొరేటర్ మీద విరుచుకుపడతాం. ఆ కోపం న్యాయమైనదే, క్యూలెక్స్‌ని భరించాల్సిన పని ఎవరికీ లేదు. అయితే రేపు ఉదయమే గెడ్డ అద్దంలా శుభ్రమైపోయినా డెంగీ లెక్క పెద్దగా మారదు. రాత్రి పడుకునే ముందు ఆలౌటో, గుడ్‌నైటో ప్లగ్గులో పెడతాం, దోమతెర కడతాం. పొద్దున్న ఎనిమిదింటికి పిల్లలకి నిక్కర్లు, పొట్టి గౌనులు తొడిగి అంగన్‌వాడీకీ, బడికీ పంపిస్తాం. మన కాపలా రాత్రి, దోమ రాక పగలు.

ఇక డ్రమ్ము దగ్గరికి వద్దాం. ప్రతి వీధిలో కనిపించే నీలం ప్లాస్టిక్ డ్రమ్మే. మూత ఉంటుంది కానీ సగం ఇళ్లలో అది డ్రమ్ముకి ఆనించి ఉంటుంది, లేదా మూత మీద చెంబు, సబ్బు పెట్టి ఒక మూల ఎత్తుగా వదిలేస్తారు. టార్చి వేసి లోపలి గోడ చూస్తే నీటి అంచుకి కాస్త పైన, తడి గీత మీద, ఆవగింజ కన్నా చిన్న నల్ల చుక్కలు అంటుకుని ఉంటాయి. అవే గుడ్లు. ఈడిస్ నీళ్ల మీద గుడ్లు పెట్టదు, నీళ్లను ఆనుకున్న గోడ మీద పెడుతుంది. డ్రమ్ము ఎండిపోయినా అవి చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. నీటిమట్టం పెరిగి వాటిని ముంచినప్పుడు పొదుగుతాయి. తెల్లారి కుళాయి రాగానే ఇల్లాలు పైపు వదిలి డ్రమ్ము నింపడమే ఆ గుడ్లకి పిలుపు. తెల్లకప్పుతో నీళ్లు ముంచి చూస్తే సన్నటి దారప్పోగుల్లాంటి లార్వాలు నీటి పైపొరకి తోక తగిలించి తలకిందులుగా వేలాడతాయి. డ్రమ్ము మీద వేలితో కొడితే వంకర్లు తిరుగుతూ అడుక్కి పోతాయి. గుడ్డు పగిలిన వారం, పది రోజుల్లో అది రెక్కలున్న దోమ.

ఈ పరిస్థితిలో డ్రమ్ములో నీళ్లు పారబొయ్యమన్న సలహా ఎంత పనికొస్తుంది? పారబోస్తే లార్వాలు పోతాయి, గోడ మీద గుడ్లు మిగులుతాయి. మళ్లీ నింపగానే కథ మొదటికొస్తుంది. చెయ్యాల్సింది గోడ తోమడం: బ్రష్షుతోనో, కొబ్బరి పీచుతోనో నీటి గీత చుట్టూ గట్టిగా తోమి, కడిగి, ఆ నీళ్లు మట్టిలో పారబోసి, కాసేపు బోర్లించి అప్పుడు నింపాలి. వారానికొకసారి చాలు, దోమ ఎదగడానికి పట్టే కాలం కన్నా అది ముందే. ఇంత చిన్న సంగతి మన ప్రచారంలో ఎంత అరుదుగా వినిపిస్తుందో గోడల మీది నినాదాలు చదివితే తెలుస్తుంది. పరిసరాల పరిశుభ్రత, స్వచ్ఛత, దోమల నివారణ అందరి బాధ్యత అని ఉంటుంది. డ్రమ్ము గోడ తోమండి అన్న మాట ఉండదు.

పారబొయ్యమన్నప్పుడు ఆశా కార్యకర్తకి ఎదురొచ్చే జవాబు ఉత్తరాంధ్ర అంతటా ఒక్కటే: “పారబొయ్యమంటారు, బాగానే ఉంది. రేపు కుళాయి రాకపోతే నీళ్లు మీరు తెచ్చిస్తారేటమ్మా?” దీన్ని నిర్లక్ష్యమనడానికి నాకు నోరు రాదు. రేపు నీళ్లొస్తాయో రావో తెలియని ఇంట్లో ఈ రోజు నీళ్లు పారబొయ్యకపోవడం తెలివైన పని. కుళాయి వేళ తప్పకుండా వచ్చే వీధిలో డ్రమ్ము ఖాళీ చెయ్యడానికి ఎవరూ భయపడరు. అందుకే డెంగీ అవగాహనలో సగం నీటి సరఫరా విభాగం పని అంటాను. మలేరియా విభాగం వాళ్లు వచ్చి లార్వాల్ని చంపే అబేట్ మందు పోస్తామన్నా ఇబ్బందే. మోతాదు ప్రకారం తాగునీళ్లలో వాడటానికి అనుమతి ఉన్న మందే అయినా, ‘నీళ్లు కంపు కొడతాయి’ అని చాలామంది ఆ డ్రమ్ము చూపించరు. మందు ఏమిటో, ఎంత పోస్తున్నారో నిలబడి చెప్పే తీరిక పోసేవాళ్లకి ఉండదు. రోజుకిన్ని ఇళ్లని లక్ష్యం పెడతారు మరి.

ఇందులో ఏదీ కొత్త విద్య కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు, ఆ తేదీనే ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నాం. నోబెల్ బహుమతి వచ్చిన ఏడాదే, 1902లో, రాస్ దోమల మీద పనిచేసే దళాలు ఎలా కట్టాలో చెబుతూ పుస్తకం అచ్చేశాడు. దాని సారమంతా ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్లు తీయించడమే. అదే కాలంలో హవానాలో విలియం గోర్గస్ ఇంటింటా నీళ్ల తొట్లకి మూతలు బిగించి, వినని వాళ్లకి జరిమానా వేసి, ఇదే ఈడిస్ దోమ మోసే పచ్చజ్వరాన్ని కొద్ది నెలల్లో ఊరు దాటించాడు. సైన్యాధికారి కాబట్టి ఆయన మాట చెల్లింది. ఎన్నికల్లో ఓట్లడగాల్సిన కార్పొరేషన్‌కి ఆ సౌకర్యం లేదు.

మన ప్రభుత్వాలూ ఊరుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ‘దోమలపై దండయాత్ర’ అంటూ ముఖ్యమంత్రి దగ్గర్నుంచి బడిపిల్లల దాకా వీధిలోకొచ్చారు. తరవాత వారానికోసారి నిలవ నీళ్లు తీసేసే ‘శుక్రవారం డ్రై డే’ వచ్చింది, ఏఎన్ఎంలు, ఆశాలు ఇళ్లు తిరిగి ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం మొదలైంది. తెలంగాణలో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ నినాదం నడిచింది. 2025లో విశాఖతో సహా ఆరు కార్పొరేషన్లలో దోమల్ని లెక్కపెట్టే స్మార్ట్ సెన్సార్లు పెడతామన్నారు. మే 16 జాతీయ డెంగీ దినం, జులై డెంగీ వ్యతిరేక మాసం ఎలాగూ ఉన్నాయి. నా ఉద్దేశంలో వీటన్నిటిలో మెరుగైనది శుక్రవారమే. ఒక వారం, ఒక రోజు, ఒక పని అన్న లెక్క దోమ ఎదగడానికి పట్టే కాలానికి సరిగ్గా సరిపోతుంది. అది ఫొటోల పండగగా మారడమే దాని తెగులు. యాప్‌లోకి ఎక్కాల్సింది గడప ముందు నిలబడిన మనిషి ఫొటో కాదు, తోమిన డ్రమ్ము. దండయాత్రలు, ర్యాలీలు ఆ రోజుకి బావుంటాయి, మర్నాడు బ్యానరు తాడు మాత్రం స్తంభానికి మిగులుతుంది.

జనాన్ని కలుపుకుని పనిచేస్తే ఫలితం ఉంటుందా అన్నది కేవలం అభిప్రాయాల మీద వదిలెయ్యాల్సిన విషయం కాదు. నికరాగ్వా, మెక్సికోల్లో ‘కామినో వెర్దే’ పేరుతో చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అక్కడ ముందు ప్రతి వీధివాళ్లకి వాళ్ల నీళ్లలో దొరికిన లార్వాల లెక్క చూపించారు, ఏం చెయ్యాలో వాళ్లనే తేల్చుకోమన్నారు. మందు లేకుండానే పిల్లల్లో కొత్తగా డెంగీ సోకడం సుమారు 30 శాతం తగ్గింది. ఉపన్యాసం మీద ఆధారపడలేదు, లెక్క మీద ఆధారపడ్డారు. సింగపూర్ జరిమానా దారి పట్టింది: ఇంట్లో లార్వా దొరికితే కట్టాల్సిందే. ఇంత క్రమశిక్షణ ఉన్న ఊళ్లోనూ 2020లో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి. జరిమానాతోనే అంతా అయిపోతుందనేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

పొగ బండి గురించి రెండు మాటలు చాలు. అది వీధిలోంచి పోతుంటే జనం తలుపులు, కిటికీలు మూసేస్తారు. ఈడిస్ లోపల మంచం కింద క్షేమం. పొగ లార్వాని ముట్టుకోదు. డెంగీ తగ్గించడంలో అది పనిచేస్తుందని చెప్పే గట్టి ఆధారాలు పరిశోధనల్లో దొరకలేదు. కేసులు ఒక చోట గుంపుగా వచ్చినప్పుడు అత్యవసరంగా కొట్టడానికి దానికో చోటుంది. మిగతా రోజుల్లో ఆ బండి తిరిగేది దోమల కోసం కన్నా మన సంతృప్తి కోసం.

లెక్కల్లోనూ అవగాహన కావాలి. 2023లో దేశంలో 2,89,235 డెంగీ కేసులు, 485 మరణాలు నమోదయ్యాయి. 2019లో తెలంగాణలో 13,331 కేసులు వచ్చినప్పుడు హైకోర్టు అధికారుల్ని పిలిపించి నిలదీసింది. ఈ అంకెలు ఎలైజా పరీక్షలో తేలిన కేసులవి. ప్రైవేటు ల్యాబులో పది నిమిషాల కార్డు టెస్టులో ‘పాజిటివ్’ వచ్చినవి ఎక్కువగా వీటిలో చేరవు. అసలు పరీక్షే చేయించుకోనివాళ్ల సంగతి సరేసరి. 2006 నుంచి 2012 వరకు దేశంలో ఏటా దాదాపు 58 లక్షల మందికి డెంగీ జ్వరం వచ్చిందనీ, అధికారిక లెక్కకి అది 282 రెట్లనీ 2014లో ఒక అధ్యయనం అంచనా వేసింది. 2017, 2018ల్లో ఐసీఎంఆర్ చేసిన రక్తపరీక్షల సర్వేలో దక్షిణాదిలో 76.9 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు డెంగీ సోకినట్టు తేలింది. కాబట్టి మా వార్డులో కేసుల్లేవని ఎవరైనా అంటే పరీక్షలెన్ని చేశారో అడగాలి.

జ్వరం వచ్చాక తెలియాల్సినవి కూడా తలకిందులుగానే ప్రచారమయ్యాయి. జనం దృష్టంతా ప్లేట్లెట్ల మీద ఉంటుంది. లక్షకి దిగితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు, బొప్పాయి ఆకుల కోసం ఊరంతా తిరుగుతారు, దాతల కోసం వాట్సాప్‌లో మెసేజీలు పెడతారు. రక్తస్రావం లేనప్పుడు పదివేల లోపు పడేదాకా ప్లేట్లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి జారిపోవడం. అది మొదలయ్యేది మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, సరిగ్గా జ్వరం దిగుతున్నప్పుడు. మన ఇళ్లలో అప్పుడే ‘హమ్మయ్య, తగ్గింది’ అని డ్యూటీకీ, బడికీ పంపించేస్తారు. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు, మలం నల్లగా రావడం, మత్తు, చిరాకు, ఆయాసం: వీటిలో ఒక్కటి కనిపించినా ప్లేట్లెట్ల అంకె ఎంతున్నా ఆగకుండా కేజీహెచ్‌కో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో పోవాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వెయ్యకూడదు. మందుల షాపులో కౌంటరు మీద ఒక చిన్న కాగితం అంటించి ఈ రెండు సంగతులు రాస్తే పది ర్యాలీల పెట్టు. జ్వరమొచ్చిన మనిషికి ఆ వారం పగటిపూట కూడా దోమతెర కట్టాలి. ఆ మనిషిని కుట్టిన దోమే ఎనిమిది, పన్నెండు రోజుల తరవాత పక్కింటివాళ్లకి జ్వరం మోసుకెళ్తుంది.

ఇంటి నీళ్ల సంగతి అలా ఉండగా ఎవరివీ కాని నీళ్లు కొన్నున్నాయి. సగం కట్టి ఆపేసిన అపార్టుమెంటు లిఫ్టు గుంత, తాళం వేసిన ఇంటి మేడ మీద మూతలేని ట్యాంకు, పంక్చరు షాపు బయట పేర్చిన టైర్లు, ఆసుపత్రి మేడ మీద పడేసిన పాత సామాను, పెరట్లో వాడకం మానేసిన రోలు, పక్షుల కోసం పెట్టి మరిచిపోయిన మట్టి చిప్ప, కొబ్బరి బొండాల గుట్ట. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల దారిలో లక్షల మంది నడుస్తారు, ఆ దారి ఈ పేట మీదుగానే పోతుంది. నీళ్లు, మజ్జిగ, పులిహోర పంచే చేతులకి కొదవ ఉండదు. మర్నాడు రోడ్డు పక్క పొదల్లో మిగిలిన కప్పుల్లో మొదటి వాన నీళ్లు నిలుస్తాయి. రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికులకి పొదల్లో ఏరే టైముండదు. అన్నదాన సంఘాలు తమ పందిరి చుట్టూ వంద గజాలు ఏరించే పని కూడా పుణ్యంలో కలుపుకుంటే బావుంటుంది.

రైల్వే, నేవీ, పోర్టు స్థలాల్లోకి కార్పొరేషన్ సిబ్బంది ఇష్టమొచ్చినప్పుడు అడుగుపెట్టలేరు. దోమకి పాసు అక్కర్లేదు. ఆ సంస్థలకి సొంత ఆరోగ్య విభాగాలున్నాయి. అవి తమ లార్వా తనిఖీ లెక్కల్ని జీవీఎంసీతో పంచుకునే ఏర్పాటు ఉండాలి.

టీకాలు, కొత్త పద్ధతులు వస్తున్నాయి. సింగిల్ డోసు దేశీ టీకాకి 2024లో మూడో దశ పరీక్షలు మొదలయ్యాయి. జపాను కంపెనీ టకేడా తయారుచేసిన టీకాని ఉత్పత్తి చేసేందుకు హైదరాబాదు బయలాజికల్-ఇ ఒప్పందం చేసుకుంది. వోల్బాకియా అనే బాక్టీరియా ఎక్కించిన దోమల్ని వదిలి ఇండొనేషియా యోగ్యకర్తలో డెంగీని 77 శాతం తగ్గించారు. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమల్ని పెంచింది. ఇవన్నీ గోపాలపట్నం గడపకి వచ్చేసరికి ఇంకెన్ని వానాకాలాలు పోతాయో.

అందాకా చెయ్యగలిగిన పనికి కొత్త పథకం అక్కర్లేదు. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, పారిశుధ్య కార్యదర్శి ఉన్నారు, శుక్రవారం తనిఖీ ఉంది. వంద ఇళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా దొరికిందన్న లెక్కని హౌస్ ఇండెక్స్ అంటారు. దాన్ని ప్రతి వారం వీధి పేరుతో సచివాలయం బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే చాలు. ఏ ఇంట్లో అని పేరు పెట్టనక్కర్లేదు. పక్కవీధి కన్నా మన వీధి అంకె ఎక్కువుంటే డ్రమ్ములు వాటంతటవే తోమబడతాయి. అదే బోర్డు మీద ఆ వారం కుళాయి ఏ రోజు ఏ వేళకి వచ్చిందో, ఎన్నిసార్లు తప్పిందో కూడా రాయాలి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే తప్పెవరిదో వాదించుకునే పని తగ్గుతుంది.

గోపాలపట్నం పాఠకులకి ఒక మనవి. ఈ శుక్రవారం మీ డ్రమ్ము గోడ తోమండి. తరవాత సచివాలయానికి వెళ్లినప్పుడు పొగ బండి సంగతి పక్కన పెట్టి రెండు ప్రశ్నలడగండి: మా వీధి హౌస్ ఇండెక్స్ ఎంత? మా కుళాయి వేళ ఎందుకు తప్పుతోంది?